ముడుమాల్: నోరులేని రాళ్ల ముచ్చట

హైదరాబాద్ నుంచి కర్నూలు వెళ్లే దారిలో కొత్తకోట దాటేవాళ్లెందరో! అక్కడే కుడివైపు తిరిగి ఆత్మకూరు, అమరచింత, మక్తల్ మీదుగా కృష్ణ ఒడ్డుకు చేరితే మాత్రం మూడున్నర వేల ఏళ్ల వెనక్కి వెళ్లినట్లే. ఆ ఊరు ముడుమాల్. ఒకప్పటి మహబూబ్‌నగర్, ఇప్పటి నారాయణపేట జిల్లా.

పొలాల మధ్య దాదాపు 80 ఎకరాల్లో రాళ్లు నిలబడి ఉంటాయి. పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తున్నవి సుమారు 80. వాటి చుట్టూ వరుసలు తీరిన చిన్న రాళ్లు మూడు వేల దాకా ఉంటాయి. వీటిని నిలిపినవాళ్లకు లిపి లేదు. పేరు చెక్కలేదు, శాసనం రాయలేదు. చెప్పాల్సిందంతా రాళ్ల వరుసల్లోనే పెట్టారు.

ఆ వరుసల్ని చదివినవారు హైదరాబాద్ విశ్వవిద్యాలయం ఆచార్యులు కె.పి.రావు. జూన్, డిసెంబరు 21 ప్రాంతాల్లో సూర్యుడు ఉదయించే, అస్తమించే దిక్కులకు కొన్ని వరుసలు సరిగ్గా సరిపోతున్నాయని ఆయన గుర్తించారు. ఒక రాతిమీద చిన్నచిన్న గుంటలతో సప్తర్షి మండలం కూడా ఉంది. ఆ చుక్కల్లో చివరి రెండింటినీ కలిపి గీత పొడిగిస్తే ఉత్తర దిక్కు తెలుస్తుంది. విత్తుకు అదను చూసుకునే రైతుకు ఇంతకన్నా పంచాంగం ఏం కావాలి!

ఊరివాళ్ల లెక్క వేరు. శాపం తగిలి మనుషులే ఇలా శిలలయ్యారని తాతలు మనవలకు చెబుతారు. వారికి ఈ రాళ్లు ‘నిలురాళ్ల తిమ్మప్ప’. ఒక రాయికి ఎల్లమ్మగా పూజలు జరుగుతాయి. సాగు కోసం ఎన్నో రాళ్లు కదిలిపోయినా, మిగిలినవాటిని కాపాడింది ఆ భయభక్తులే. గోడలో ఒదిగిపోయిన రాయి రాయిగానే ఉంటుంది. కానీ అది చూపిన దిక్కు మాత్రం మళ్లీ దొరకదు.

2025 మార్చిలో ముడుమాల్ యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. గుర్తింపుతో పాటు జనమూ వస్తారు. పేర్లు చెక్కే చేతులూ వస్తాయి. వేల ఏళ్లు పేరు లేకుండా నిలిచిన రాతిమీద మన పేరెందుకు? చలికాలపు ఉదయం పిల్లల్ని తీసుకెళ్లి, సూర్యుడు పైకి వచ్చేదాకా ఆగి చూడండి. నీడలే కథ మొదలుపెడతాయి.