సింహాచలం వాలు, పనస పొట్టు

అడివివరం నుంచి సింహాచలం కొండ ఎక్కేటప్పుడు కళ్లు గోపురం కోసం వెతుకుతాయి. కాసేపు పక్కకి చూడండి. కొండ వాలు నిండా పనస, మామిడి, జీడిమామిడి చెట్లు, వాటి నీడన అనాస మొక్కలు. సంపెంగలకీ ఈ కొండే పేరు. కింద ఉన్నది 1933లో రేవు తెరుచుకున్న ఊరు. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారమూ ఈ ఊరిదే. వాటిని చూసే విశాఖని లెక్కగడతాం గానీ, ఇక్కడి వంటింటి రుచిని నిలబెట్టింది ఈ తోటలే అని నా నమ్మకం.

ఆ రుచికి పెద్దపీట పనస పొట్టు కూరది. ఉత్తరాంధ్ర పెళ్లి విస్తట్లో అది లేకపోతే పెద్దవాళ్లు అడిగి మరీ వెలితి చూపిస్తారు. గింజ ముదరని లేత కాయే కావాలి. చేతులకీ కత్తికీ నూనె రాసుకుని, ముళ్ల చెక్కు తీసి, కాయని సన్నగా కొట్టాలి. నూనె లేకపోతే బంక వదలదు. ఓపిక, చేతి నేర్పు రెండూ కావాల్సిన పని ఇది. అందుకే బజారులో కొట్టించుకునేవాళ్లే ఎక్కువ.

పొట్టుని ఉప్పు, పసుపు వేసి ఉడికించి, నీళ్లు పిండేసి, శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపులో చింతపండు గుజ్జుతో మగ్గిస్తారు. అసలు కీలకం ఆవలో ఉంది. నూరిన ఆవముద్దని కూర దింపి చల్లారాకే కలపాలి. వేడి మీద కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. కలిపిన కూర కొంతసేపు ఊరితే ఆవ ముక్కుకెక్కుతుంది. పొద్దున చేసినదాన్ని రాత్రికి తినడమే నాకిష్టం.

ఇలాంటి పాత రుచి నిలవాలంటే దాన్ని అడిగేవాళ్లుండాలి. జపాన్‌లో కింతోకి అనే పాతకాలపు క్యారెట్ ఉంది. పొడుగ్గా, టమాటాకి రంగునిచ్చే లైకోపీన్ వల్లే ఎర్రగా ఉంటుంది. మామూలు నారింజ రంగు క్యారెట్ ఎంత చవగ్గా దొరికినా, క్యోటో ఇళ్లలో కొత్త సంవత్సరం వంటకాలకి దాన్నే వెతికి తెచ్చుకుంటారు. అడిగేవాళ్లున్నారు కాబట్టే రైతు ఆ విత్తనం వదల్లేదు. మన కొండ పంటకీ అదే అండ. ఇళ్ల స్థలాలు కొండ అంచుదాకా వచ్చేసిన ఈ ఊళ్లో ఆ అండ మరీ అవసరం. నగర ప్రణాళికల్లో తోట కూడా ఆస్తిగానే కనబడాలి.

చందనోత్సవానికి వైశాఖంలో వచ్చేవాళ్లు లేత పనస కోసం అడగండి, అప్పటికి కాయలు ముదరడం మొదలవుతుంది. ఆషాఢ పున్నమికి 32 కిలోమీటర్ల గిరి ప్రదక్షిణ చేసేవాళ్లకి అనాసలు. కోసిన ముక్క మీద ఉప్పూకారం చల్లించుకోండి.