వ్రేలిమీది సిరాచుక్క

సోదరీమణులారా! రాజకీయములు మగవారి సొత్తనియు, వానిని గూర్చి ముచ్చటించుటకు కూర్చున్నచో పొయ్యిమీది పప్పు మాడుటయే ఫలమనియు తలంచువారు నేటికిని మనలో లేకపోలేదు. మొన్నమొన్నటి వరకు మేమును ఆ తెగలోనివారమే. మా తండ్రిగారు మమ్ము ఇంటనే కూర్చుండబెట్టుకొని భారత భాగవతములు చెప్పిరి. అత్తవారింటికి వచ్చిన పిమ్మట, ఉపాధ్యాయులైన మావారి జీతములో సంసారమును దిద్దుకొనుటయే మా రాజ్యపాలనమైనది. అట్టి మాకు వోటనునది ఏమో తెలియవచ్చిన వైనమును సిగ్గు విడిచి మీతో చెప్పుకొనదలచితిమి.

మా కాపురము హైదరాబాదులోని కృష్ణానగరున. జూబ్లీ హిల్స్ అనగానే మీ కన్నులకు సినిమా తారల మేడలును, ఫిలింనగరు వైభవమును తోచును. కాని ఆ పేరు పెట్టుకొన్న శాసనసభా నియోజకవర్గములో ఆ మేడలు చాలవరకు లేవు; అవి ఖైరతాబాదు నియోజకవర్గములో చేరినవి. మాది యూసుఫ్‌గూడ, రహమత్‌నగరు, బోరబండ, ఎర్రగడ్డల ఇరుకు వీథుల నియోజకవర్గము. షూటింగులకు దీపములు మోయువారు, దుస్తులు కుట్టువారు, గుంపులో నిలబడు వేషగాండ్రు, వారందరకు వండిపెట్టువారు, ఇట్లు తెరమీద పేరు కానరాని సినిమా జనమే మాకు ఇరుగుపొరుగు.

2023 నవంబరు 30వ తేదీన తెలంగాణ శాసనసభకు ఎన్నికలు జరిగినవి. ఉపాధ్యాయులకు ఎన్నికల పని తప్పదు గదా! మావారు ముందునాడే సంచి సర్దుకొని వేరొక నియోజకవర్గమునకు వెళ్ళిరి. పోలింగునాడు మా ఇంటికి చుట్టములు వచ్చిరి. పులిహోర కలుపుటలోను, వడ్డించుటలోను ప్రొద్దు వాలినది. ‘ఇన్ని లక్షల వోట్లలో మాది యొక్కటి లేకున్న నేమి మునిగినది?’ అని మనసునకు సమాధానము చెప్పుకొంటిమి.

నడిరేయి దాటిన పిదప మావారు అలసి సొలసి వచ్చిరి. కంచము ముందు కూర్చుండి, “వోటు వేశావా?” అని అడిగిరి. వేసితిమని చెప్పితిమి. ఎడమచేత మజ్జిగగిన్నె పట్టుకొని దగ్గరకు వచ్చినప్పుడు వారి చూపు మా చూపుడువ్రేలిపై పడినది. దానిమీద సిరా లేదు. వారు ఏమియు ననలేదు. భోజనము ముగించి, చేయి కడుగుకొని పరుండిరి. పెండ్లియైన పదునాలుగేండ్లలో వారితో మేమాడిన మొదటి బొంకు అది.

ఆనాడు మా నియోజకవర్గమున వోటు వేసినవారు సగమునకు లోపే. మాగంటి గోపీనాథు గారు క్రికెటు వీరుడైన అజహరుద్దీను గారిపై 16,337 వోట్ల ఆధిక్యముతో గెలిచిరి. రాష్ట్రమున 119 స్థానములలో కాంగ్రెసునకు 64 వచ్చుటచే రేవంత్ రెడ్డి గారు ముఖ్యమంత్రి అయిరి. వారములోపలనే ఆడువారికి బస్సు ప్రయాణము ఉచితమైనది. వోటు వేయని మేమును ఆ బస్సే ఎక్కితిమి. టిక్కెట్టు తీసుకొనునప్పుడెల్ల మా వ్రేలు మమ్ము వెక్కిరించునట్లు తోచెడిది.

2025 జూనులో గోపీనాథు గారు స్వర్గస్థులైరి. ఆ స్థానమునకు నవంబరు 11న ఉపఎన్నిక వచ్చినది. వారి సతీమణి సునీత గారు భారత రాష్ట్ర సమితి పక్షమునను, నవీన్ యాదవ్ గారు కాంగ్రెసు పక్షమునను, లంకల దీపక్ రెడ్డి గారు భారతీయ జనతాపార్టీ పక్షమునను నిలిచిరి. మొత్తము అభ్యర్థులు 58 మంది! ఒక్కొక్క వోటుయంత్రముపై పదునారు పేర్లే పట్టునట. కావున బూతుకు నాలుగేసి యంత్రములు వరుసగా పెట్టవలసివచ్చినది.

దానికి సరిగా వారము ముందు, నవంబరు 4న, అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున గవర్నరు ఎన్నిక జరిగినది. మా అక్కగారి కాపురము అచ్చటనే. ఆమె ఫోనులో చెప్పిన సంగతులు మాకు వింతగొల్పినవి. ప్రధానాభ్యర్థులు ఇరువురును స్త్రీలే. డెమొక్రాటిక్ పార్టీకి చెందిన ఏబిగెయిల్ స్పాన్‌బర్గరు గారు విన్సమ్ ఎర్ల్ సియర్స్ గారిని ఓడించి, ఆ రాష్ట్ర చరిత్రలో గవర్నరుగా ఎన్నికైన మొదటి స్త్రీ యైరి. లెఫ్టెనెంటు గవర్నరుగా ఎన్నికైన గజాలా హష్మీ గారు మన హైదరాబాదున పుట్టినవారే. పొరుగునున్న మేరీలాండులో 2022లో అదే పదవికి ఎన్నికైన అరుణా మిల్లరు గారును హైదరాబాదున పుట్టిన తెలుగింటి ఆడపడుచే.

అచ్చట పోరు దేనిపై జరిగినదని అక్కగారి నడిగితిమి. సరకుల ధరలు, కరెంటు బిల్లులు, ఇంటి ఖర్చులు అని చెప్పినది. వాషింగ్టను నగరము దాపుననుండుటచే ఆ రాష్ట్రమున కేంద్రప్రభుత్వపు ఉద్యోగులు మిక్కుటము. ఆ యేడు అనేకుల ఉద్యోగములు పోయినవి. అక్టోబరు 1 నుండి ప్రభుత్వ కార్యాలయములు మూతపడగా ఎందరికో జీతములు నిలిచినవట. మాకు ఆశ్చర్యమైనది. ఇవియన్నియు పొయ్యిదగ్గర కూర్చున్నవారికి ముందుగా తెలియు సంగతులే గదా!

“మీ గవర్నరుకు మీరు వోటు వెయ్యరుటే?” అని అక్కగారు పరిహాసమాడినది. నిజమే. మన దేశమున గవర్నరును రాష్ట్రపతి నియమించును. స్వతంత్రభారతమున తొలి స్త్రీ గవర్నరు, హైదరాబాదు బిడ్డ సరోజినీ నాయుడు గారు, 1947లో నియమింపబడినవారే. అమెరికా గవర్నరుకుండు అధికారము మనకడ ముఖ్యమంత్రి చేతిలోనుండును. ఆ ముఖ్యమంత్రికి బలము శాసనసభ్యులవలన. ఆ శాసనసభ్యులకు బలము మన వోటువలన. మా ఉపఎన్నికతో ప్రభుత్వము మారదు. అయినను రెండేండ్ల పాలనపై మా వీథులు చెప్పు తీర్పని అన్ని పక్షములవారును దానికై శ్రమించిరి.

ఆ దినములలో ఒక సాయంకాలము, ఏ పక్షమువాడో మేము చెప్పము గాని, ఒకడు మా గుమ్మమున నిలిచి, “ఈ ఇంట్లో ఎన్ని వోట్లు మేడమ్?” అని అడిగెను. రెండని చెప్పితిమి. చీటీపై గీత గీసికొని, కవరొకటి చాచి, “సార్‌తో మేము మాట్లాడుకుంటాంలెండి. సారు ఎటు చెప్తే మీరు అటేగా!” అనెను.

ఆ మాట చురకవలె తగిలినది. సభాపర్వము మా కన్నులయెదుట నిలిచినది. ముందు తన్ను తానోడిన భర్తకు తన్ను పణమొడ్డు అధికారమెక్కడిదని ద్రౌపది నిండుసభను నిలదీసినది. ఇచ్చట మావారు మమ్ము పణమొడ్డలేదు. అయినను మమ్ము అడుగకయే మమ్ము లెక్కలో వేసికొన్నవాడు గుమ్మమున నున్నాడు! ఆయన వోటు ఆయనది, మా వోటు మాది, రెండును అమ్మకమునకు లేవని చెప్పి తలుపు వేసితిమి. చేతులు వణకుచునే యుండెను.

కోపము చల్లారిన పిదప ఆలోచింపగా, తప్పు వానిది మాత్రమే కాదనిపించినది. 2018లో మావారు చెప్పినట్లే వేసితిమి. 2023లో అసలు వేయనేలేదు. వానికి ఆ ధైర్యము మావంటివారు ఇచ్చినదే. స్వతంత్రము వచ్చిన తరువాత మొదటి సార్వత్రిక ఎన్నికలకు జాబితాలు వ్రాయునపుడు, ఉత్తరదేశమున అనేక స్త్రీలు తమ పేరు చెప్పక ‘ఫలానావాని భార్య’నని మాత్రమే చెప్పిరట. అట్టి పేర్లు సుమారు 28 లక్షలు కొట్టివేయబడినవి. మా పేరు జాబితాలో అచ్చుపడియున్నది. కాని మేమును ఫలానావారి భార్యగానే మిగిలితిమి గదా!

ఆ రాత్రి మావారితో పాత బొంకును ఒప్పుకొంటిమి. “నాకు అప్పుడే తెలుసు” అనిరి. మరి ఏల అడుగలేదంటిమి. “అడిగితే వచ్చేసారి నా కోసం వేస్తావు. అది నీ వోటు ఎలా అవుతుంది?” అనిరి. ఎవరికి వేయవలెనని అడుగుటకు నాలుక చివరకు వచ్చిన మాటను మింగివేసితిమి.

మరునాడు, షూటింగులలో అంట్లు తోము మా పొరుగింటామెతో మాటాడితిమి. 2025 ఆగస్టులో సినిమా కార్మికులు వేతనములు నూటికి 30 వంతున పెంచవలెనని పని మానిరి. తుదకు విడతలుగా 22.5 వంతున ఒప్పందమైనది. ఆ దినములలో ఆమె ఇంట పొయ్యి ఒంటిపూటయే వెలిగినది. ఆమె వ్రేళ్ళు మడచుచు లెక్క చెప్పినది: “బస్సు డబ్బులు మిగుల్తున్నాయమ్మా, సన్నబియ్యం వస్తున్నాయి, అది నిజం. ఆడోళ్ళకి నెలకి 2,500 ఇస్తామన్నారు, రాలేదు, అదీ నిజం. వానొస్తే మురుగునీళ్ళు ఇంట్లోకి రావడం ఎవరొచ్చినా తప్పలేదు. అయినా వోటు వెయ్యకపోతే రేపు అడగడానికి నోరెక్కడుంటుంది?” భారతము చదివిన మాకంటె చదువని ఆమెయే ధర్మసూక్ష్మమును తేటగా చెప్పినది.

మా నివాసము ఆ నియోజకవర్గముననే యగుటచే ఈమారు మావారికి ఎన్నికల పని పడలేదు. నవంబరు 11న తెల్లవారగనే, “పిల్లల్ని నేను చూస్తాను, నువ్వు ముందు వెళ్ళిరా” అనిరి. వరుసలో పొరుగింటామె వెనుక నిలిచితిమి. నాలుగు యంత్రములు చూచి తొలుత గాభరాపడితిమి. పిదప మేమెంచుకొన్న పేరు వెదకి మీట నొక్కితిమి. అది యెవరి పేరో మావారు నేటివరకు అడుగలేదు, మేమును చెప్పలేదు.

14వ తేదీన ఫలితము వచ్చినది. నవీన్ యాదవ్ గారికి 98,988, సునీత గారికి 74,259, దీపక్ రెడ్డి గారికి 17,061 వోట్లు వచ్చినవి. కాని మమ్ము కలవరపెట్టిన అంకె వేరొకటి. నాలుగు లక్షలకు పైబడిన వోటర్లలో బూతునకు వచ్చినవారు నూటికి 48 మంది మాత్రమే. సభలో ధర్మమెరిగియు పలుకనివానికి అసత్యదోషమున సగపాలు చెందునని ఆనాడు విదురుడు హెచ్చరించెను. 2023లో మేము ఆ సగపాలు మోసినవారమే గనుక ఎవరిని నిందింపజాలము.

సోదరీమణులారా! ఎవరికి వేయవలెనో మీతో చెప్పుటకు మేమెవరము? బియ్యము, గ్యాసు, నీరు, మురుగుకాలువ, పిల్లల చదువు, వీనిలో ఏది జరిగినదో ఏది జరుగలేదో మనకంటె ఎరిగినవారెవరు? ఆ లెక్క మీరే వేసికొనుడు. ఎన్నికనాడు చుట్టములు వచ్చినచో, పులిహోర కొంచెము ఆలస్యమగునని చెప్పి, ముందు పోయి రండు. మేము వచ్చి మావారికి కాఫీ అందించునపుడు వారి చూపు మరల మా ఎడమచేతి వ్రేలిపై పడినది. అప్పుడును వారు ఏమియు ననలేదు. కాని ఈసారి మేము చేయి దాచుకొనలేదు.