సుగ్గికి ముందే చెప్పవలసిన సంగతులు

కర్నూలు జిల్లా పశ్చిమ మండలాలలో ఉన్నత పాఠశాల చదువు రెండు కాలాల నడుమ సాగుతుంది. ఒకటి జూన్ 12న మొదలై ఏప్రిల్‌తో ముగిసే బడి కాలం. రెండవది దసరా, దీపావళి దాటిన తరువాత ఊళ్లను సగం ఖాళీ చేసే సుగ్గి కాలం. వానను నమ్ముకున్న సేద్యంలో సొంత చేని పని తీరగానే పత్తి తీతకు, మిరప కోతకు గుంటూరు, పల్నాడు వైపు, తెలంగాణ జిల్లాల వైపు కూలీ కుటుంబాలు పిల్లలతో సహా తరలివెళ్లడాన్ని ఇక్కడివారు సుగ్గికి పోవడం అంటారు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, హొళగుంద వంటి మండలాలలో ఇది ఏటా జరిగేదే గనుక, ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలకు చదువు నియమాలనూ బడి అందించే సహాయాలనూ ఎప్పుడు తెలియజెప్పాలన్నది, ఏమి తెలియజెప్పాలన్నంత ముఖ్యమైన ప్రశ్న అయింది. ఆ ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఈ ప్రశ్నకు తనదైన జవాబు చెప్పుకొని, బడి తెరిచిన కొద్ది రోజులలోనే కొత్త పిల్లలకూ వారి తల్లిదండ్రులకూ ఒక పరిచయ దినాన్ని జరుపుతోంది. ఈ కథనం ఆ రోజున అక్కడ కనిపించిన, వినిపించిన విషయాల ఆధారంగా రాసినది.

ప్రాథమిక పాఠశాల నుంచి వచ్చిన పిల్లవాడికి మొదట ఎదురయ్యే కొత్తదనం పాఠాలలో కంటే బడి నడిచే తీరులో ఉంటుంది. ఊరి బడిలో ఒకరిద్దరు ఉపాధ్యాయులే అన్నీ చెబుతారు. ఇక్కడ గంట కొట్టిన ప్రతిసారీ ఉపాధ్యాయుడు మారతాడు, పుస్తకం మారుతుంది, కొన్నిసార్లు పాఠం చెప్పే భాష కూడా మారుతుంది. అందుకే పరిచయ దినాన తొలి గంటను పీరియడ్ల పట్టిక చదవడం నేర్పడానికే కేటాయించారు. నల్లబల్ల మీద వారం రోజుల పట్టికను పెద్ద అక్షరాలతో గీసి, ఏ రోజు ఏ నోటుపుస్తకాలు తేవాలో ఒక్కొక్క విద్యార్థి చేత చెప్పించారు. తరువాత ఆంగ్ల ఉపాధ్యాయిని సామాన్య శాస్త్రం పుస్తకాన్ని తెరిచి, ఒక పుటలో ఇంగ్లీషు, దానికెదురు పుటలో అదే పాఠం తెలుగులో ఉండే ద్విభాషా ముద్రణను చూపించి, ముందు తెలుగు పుట చదివి అర్థం చేసుకుని ఆ తరువాత ఇంగ్లీషు పుటకు రావచ్చని, అలా చేయడం తప్పు కాదని పిల్లలకు విడమరిచి చెప్పారు. ఇంట్లో కన్నడమో ఉర్దూయో మాట్లాడే పిల్లలు ఉన్న సరిహద్దు గ్రామాలలో తెలుగు పుట సైతం కొందరికి రెండో భాషే. ఈ సంగతి గుర్తెరిగిన ఆ ఉపాధ్యాయిని, అర్థం కాని మాట కింద పెన్సిలుతో గీత గీసుకుని మరునాడు అడగమని చెప్పడం ఆ గంటలో అన్నిటికంటే ఉపయోగపడిన సూచన.

చదువు నియమాల వివరణ గణిత ఉపాధ్యాయుడి వంతుకు వచ్చింది. ఏడాదిలో నాలుగుసార్లు జరిగే ఎఫ్.ఏ.లు, అంటే పాఠం సాగుతుండగానే పిల్లల ప్రగతిని చూసే నిర్మాణాత్మక మూల్యాంకనాలు. రెండుసార్లు జరిగే ఎస్.ఏ.లు, అంటే కొంతకాలం చెప్పిన పాఠాలన్నిటి మీద పెట్టే సంగ్రహణాత్మక మూల్యాంకనాలు. వీటి మధ్య తేడాను ఆయన తల్లిదండ్రులకు సైతం తెలిసేలా చెప్పారు. ఆపైన పదో తరగతి పబ్లిక్ పరీక్ష స్వరూపాన్ని వివరించారు: మొత్తం 600 మార్కులు, సబ్జెక్టుకు 100, సామాన్య శాస్త్రం మాత్రం భౌతిక, జీవ శాస్త్రాలుగా 50 మార్కుల చొప్పున రెండు పేపర్లు, ఉత్తీర్ణతకు ప్రతి సబ్జెక్టులో 35 మార్కులు, ద్వితీయ భాష అయిన హిందీలో 20, తప్పినవారికి అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ. ఆరో తరగతి పిల్లలకు పదో తరగతి సంగతులు ఎందుకని అనిపించవచ్చు గానీ, పిల్లలు సాధారణంగా ఏటా ఆగకుండా పై తరగతికి వెళ్తుంటారు కాబట్టి, ఏటా సుగ్గిలో పోయిన మూడు నాలుగు నెలల పాఠాలు ఎక్కడా తప్పినట్టు కనబడక, అన్నీ కలిసి పదో తరగతి గణితంలోనే ఒక్కసారిగా బయటపడతాయి. ఆ లోటు ఆరులోనే మొదలవుతుందని తల్లిదండ్రుల ఎదుట తేల్చి చెప్పడం అవసరమైన పనే.

పరిచయ దినంలో ఎక్కువ సమయం తీసుకున్న పని అడ్మిషన్ రిజిస్టరు సరిచూడటం, తీసుకోదగినదీ అదే. ఒక గుమస్తా పొడవాటి రిజిస్టరును బల్ల మీద పరిచి, ప్రాథమిక పాఠశాల ఇచ్చిన రికార్డు షీటును ఒక పక్క, ఆధార్ కార్డును ఒక పక్క పెట్టుకుని, తల్లిదండ్రులను ఒక్కొక్కరినీ పిలిచి, పిల్ల పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ గట్టిగా చదివి వినిపించారు. ఒక బాలిక ఇంటిపేరు ఒక కాగితంలో దీర్ఘంతోనూ మరో కాగితంలో దీర్ఘం లేకుండానూ ఉంది. ఇంకొక పిల్లవాడి ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉండగా, అతడు శ్రావణంలో పుట్టాడని తల్లి గట్టిగా చెప్పింది. నమోదు చేసేవారు తేదీ తెలియనప్పుడు ఏడాది మొదటి రోజు వేసేయడం ఊళ్లలో అందరూ ఎరిగిన సంగతే. ఈ తేడాల బరువు అప్పటికి కనబడదు. ఇవే వివరాలు పదో తరగతి పరీక్షకు పంపే నామినల్ రోల్‌లోకి, అక్కడి నుంచి మార్కుల మెమోలోకి వెళ్తాయి. ఆ మెమోయే తరువాత జీవితమంతా పుట్టిన తేదీకి రుజువుగా నిలుస్తుంది. ఆరో తరగతిలో జనన ధ్రువపత్రం తెచ్చి సరిచేయించుకోవడం ఒక అర్జీతో తీరే పని కాగా, మెమో వచ్చాక అదే పని ఏళ్ల తరబడి కార్యాలయాల చుట్టూ తిప్పుతుంది. తల్లిదండ్రులు ఇంటికి తిరిగి వెళ్లేలోగా తేడా ఉన్న కాగితాలన్నిటికీ ఒక చీటీ రాసి, గ్రామ సచివాలయంలో ఏమి అడగాలో చెప్పి పంపడం ఆ పాఠశాల చేసిన మేళ్లలో పెద్దది.

సహాయాల విషయానికి వస్తే, తెలియకపోవడం వల్ల చేజారేవాటిలో మొదట చెప్పవలసినది జాతీయ ఉపకార వేతనం, అంటే ఎన్.ఎం.ఎం.ఎస్. ఎనిమిదో తరగతి చదువుతూ, ఏడో తరగతిలో 55 శాతం మార్కులు, ఎస్సీ, ఎస్టీలైతే 50 శాతం తెచ్చుకుని, ఏడాదికి 3.5 లక్షల రూపాయలకు మించని ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలు దీనికి అర్హులు. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల విద్యార్థులకే దీని ఎంపిక పరీక్ష. మేధాశక్తిని చూసే ప్రశ్నలు 90, పాఠ్యాంశాల మీద ప్రశ్నలు 90. ఎంపికైనవారికి తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు, మధ్యలో మార్కుల షరతులు నిలబెట్టుకుంటే, ఏడాదికి 12 వేల రూపాయల చొప్పున అందుతుంది. నాలుగేళ్లకు 48 వేలు. కూలి చేసుకునే కుటుంబానికి ఇది పిల్లను చదువు మాన్పించకుండా నిలబెట్టగల మొత్తం. అయితే రాష్ట్రంలో ఈ పరీక్ష ఇటీవలి సంవత్సరాలలో డిసెంబరు మొదటి వారాలలోనే జరుగుతోంది. ఈ మండలాలలో ఆ వేళకు చాలా ఇళ్లకు తాళాలు పడి ఉంటాయి. ఎనిమిదో తరగతిలో ఒక్కసారే వచ్చే అవకాశం పత్తి చేలలో గడిచిపోతే మళ్లీ రాదు. అందువల్ల ఆరో తరగతిలో చేర్చిన నాడే, రెండేళ్ల తరువాతి ఆ డిసెంబరులో పిల్లను ఊళ్లో ఉంచాలని తల్లిదండ్రులకు చెప్పడం ఎంతమాత్రం తొందరపాటు కాదు.

ఈ మాట విన్న ఒక తల్లి లేచి అడిగిన ప్రశ్న, ఆ రోజు జరిగిన చర్చనంతటినీ అసలు చిక్కు దగ్గరికి తెచ్చింది. “సార్, మేము సుగ్గికి పోతే పాపను ఎవరి దగ్గర పెట్టాల? వయసుకొస్తా ఉంది.” ప్రధానోపాధ్యాయుడు ఉపన్యాసం ఇవ్వకుండా, “ఇంట్లో అవ్వ ఉందామ్మా?” అని అడిగారు. అవ్వకు కళ్లు సరిగా కనపడవని జవాబు వచ్చింది. అప్పుడు ఆయన మూడు దారులు చెప్పారు: ఆరో తరగతి నుంచి బాలికలను చేర్చుకునే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయం, సమగ్ర శిక్ష పథకం కింద వలస కుటుంబాల పిల్లల కోసం నడిచే సీజనల్ హాస్టల్, అంటే తల్లిదండ్రులు తిరిగి వచ్చేదాకా పిల్లలను ఉంచి బడికి పంపే తాత్కాలిక వసతి, ఈ రెండూ కుదరకపోతే సాంఘిక సంక్షేమ వసతి గృహం. ఆ తల్లి వెంటనే ఒప్పుకోలేదు, హాస్టల్‌ను ముందు కళ్లారా చూసి వస్తానంది. ఆమె అన్నది సబబైన మాట. ఆడపిల్లను ఎక్కడ ఉంచుతున్నదీ చూడకుండా ఏ తల్లీ కూలికి కదలలేదు. అందుచేత తల్లిదండ్రులను ఒకసారి అక్కడికి తీసుకువెళ్లి చూపించడం పరిచయ దినంలోనే భాగం కావాలి.

మిగిలిన సేవలను ఉపాధ్యాయులు త్వరగానే ముగించారు. మధ్యాహ్న భోజనం, కోడిగుడ్డు, రాగి జావ, పుస్తకాల కిట్టు ఇప్పటికే అందరికీ తెలిసినవి. వారానికొకసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను ఖాళీ కడుపుతో వేసుకోకూడదన్నది, ఆపద ఎదురైతే 1098కి ఫోన్ చేయవచ్చన్నది, కొట్టడం, అవమానించడం విద్యాహక్కు చట్టం నిషేధించిన పనులన్నది పిల్లలకు సూటిగా చెప్పారు. తల్లికి వందనం పథకం కింద డబ్బు అందాలంటే 75 శాతం హాజరు ఉండాలన్న మాటను మాత్రం అందరూ చెవులు రిక్కించి విన్నారు. ప్రత్యేక అవసరాలు గల పిల్లల విషయంలో ఇంకొంత చెప్పి ఉండవలసింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో కంటికి కనబడని అభ్యసన వైకల్యం కూడా ఒకటి. అక్షరాలు తారుమారుగా కనబడే పిల్లవాడిని మొద్దు అని వెనుక బెంచీకి పంపకుండా, మండలంలోని భవిత కేంద్రానికి, అంటే సహిత విద్య ఉపాధ్యాయులు ప్రత్యేక శిక్షణ ఇచ్చే చోటికి, చూపించవచ్చని ఎందరో తల్లిదండ్రులకు తెలియదు. ధ్రువపత్రం ఉంటే పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు వంటి వెసులుబాట్లు లభిస్తాయి.

ఈ ప్రయత్నంలో లోటు లేకపోలేదు. తల్లిదండ్రుల చేతికిచ్చిన కరపత్రం కార్యాలయ భాషలో ఉంది. దాన్ని చదవగలిగినవారు కొద్దిమందే, చదివినా అందులోని మాటలు వారి వాడుకలోవి కావు. నోటితో చెప్పినదే వారికి అందింది. కాబట్టి ఊరూరా అంగన్‌వాడీ కార్యకర్త చేత, పాఠశాల యాజమాన్య కమిటీలోని తల్లుల చేత ఇవే విషయాలను దసరాకు ముందు మరొకసారి చెప్పించాలి. చట్టం ప్రకారం ఆ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సభ్యులలో సగం మంది మహిళలే ఉండాలి గనుక, ఈ పనికి వేరే వ్యవస్థను వెతకనక్కరలేదు.

చివరగా, ఎంత చెప్పినా కొన్ని కుటుంబాలు పిల్లలను వెంట తీసుకునే వెళ్తాయి. అలాంటి తల్లిదండ్రులు, వారిని పనికి పిలిచే రైతులు, అక్కడి పాఠశాలల ప్రధానోపాధ్యాయులు గుర్తుంచుకోవలసిన నియమం ఒకటుంది. 2009 విద్యాహక్కు చట్టంలోని 5వ సెక్షన్ ప్రకారం, ఎనిమిదో తరగతి లోపు పిల్లలు వేరే చోటికి మారినప్పుడు, టీసీ, అంటే బదిలీ ధ్రువపత్రం, తేవడంలో ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశాన్ని నిరాకరించడానికి గానీ, వాయిదా వేయడానికి గానీ ప్రభుత్వ పాఠశాలకు అధికారం లేదు.