మోరే గేటు దగ్గర

మా నాన్న రంగూన్‌లో పుట్టాడు. బరంపురం చుట్టుపక్కల తెలుగువాళ్లకి ఇది వింత కాదు. గోపాలపూర్ రేవులో ఓడెక్కి బర్మా పోయినవాళ్లు మా తాతల కాలంలో ఊరూరా ఉండేవారు. అక్కడివాళ్లు మనల్ని కోరంగీలనేవారు. 1962లో నేవిన్ సైన్యం బలంతో గద్దెనెక్కి, కొట్లన్నీ జాతీయం చేసి, 1964 మే నెలలో 50, 100 క్యాట్‌ల నోట్లు చెల్లవన్నాడు. మా తాతకి ముందు బియ్యం కొట్టు పోయింది, తర్వాత పెట్టెలోని డబ్బు పోయింది. 1965లో ఓడ దిగేసరికి నాన్నకి ఇరవయ్యేళ్లు. చెల్లని 100 క్యాట్‌ల నోటొకటి వెంట తెచ్చుకున్నాడు. నేను బ్యాంకులో చేరిన రోజున అది చూపించి, "నోటు మీద మరీ నమ్మకం పెట్టుకోకు" అన్నాడు.

2018లో నాకు ఇంఫాల్ బదిలీ అయింది. అక్కడికి మోరే సుమారు 110 కిలోమీటర్లు. కొండ దారి, మధ్యలో తనిఖీలు. మరుసటేడు ఫిబ్రవరిలో నాన్నని తీసుకెళ్లాను. మోరేలో తమిళులున్నారు. బర్మా నుంచి మద్రాసు వచ్చి, అక్కడ ఇమడలేక, కాలినడకనైనా వెనక్కి పోదామని బయల్దేరి, దాటనివ్వక అక్కడే ఆగిపోయిన కుటుంబాలవి. వాళ్ల గుడి చూసి నాన్న చాలాసేపు మాట్లాడలేదు.

ఆ గేటుకి మూడు రకాల లెక్కలుండేవి. సరిహద్దు కొండజాతులవాళ్లు వీసా లేకుండా 16 కిలోమీటర్ల దాకా పోవచ్చు. 2018 ఆగస్టు 8 నుంచి పాస్‌పోర్టూ వీసా ఉన్నవాళ్లు లోపలి ఊళ్లకీ పోవచ్చు. మాబోటివాళ్లు గుర్తింపు కార్డు చూపి అవతలి బజారు చూసి సాయంత్రంలోగా తిరిగి రావాలి. గేటు దాటగానే నాన్న చేతి గడియారాన్ని గంట ముందుకి తిప్పుకున్నాడు. అక్కడి టైము మనకంటే గంట ముందు. ఆ సంగతి ఆయనకి యాభై నాలుగేళ్ల తర్వాత కూడా గుర్తుంది.

నాంఫాలాంగ్ బజారులో టీ అమ్మే ఆవిడతో బర్మా భాషలో మాట్లాడాడు. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. నాన్న మాటలు ఆవిడ అమ్మమ్మ మాటల్లా ఉన్నాయట. రంగూన్ గురించి అడిగితే తానెప్పుడూ చూడలేదంది. తిరిగి వస్తుంటే నాన్న, "ఇక్కడిదాకానేనేటిరా?" అన్నాడు.

సరే, విమానంలో తీసుకెళ్తానన్నాను. 2020 మార్చి చివరికి టిక్కెట్లు కొన్నాను. ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు, ఫొటో, ఒక్కొక్కరికి యాభై డాలర్ల రుసుము, ఇరవై ఎనిమిది రోజుల వీసా. మంజూరు కాగితం వచ్చిన తొంభై రోజుల్లో ప్రవేశించాలి. మా చెక్కులకీ ఇంచుమించు అంతే గడువు. ఖర్చులకి తీసుకెళ్లే డాలర్లకి మడత పడకూడదు, సిరా చుక్క ఉండకూడదు, ఉంటే అక్కడ తీసుకోరు. మూడు వంద డాలర్ల నోట్లు ఏరి తెచ్చి, నాన్న భాగవతం పుస్తకంలో పెట్టాను. "మా కాలంలో మడతలేని నోటూ చెల్లలేదు కదరా" అని నవ్వాడు.

మార్చిలో విమానాలు ఆగిపోయాయి. తొంభై రోజులూ ఇంట్లోనే గడిచాయి. 2021 జనవరి చివర్లో నాన్న పోయాడు. దినాలు ఇంకా కాలేదు, ఫిబ్రవరి 1న అక్కడ సైన్యం మళ్లీ ప్రభుత్వాన్ని కూలదోసిందని వార్త. అమ్మకి చెప్పలేదు.

ఆ తర్వాత గేటుకి ఇటువైపు కూడా మారిపోయింది. బయటి రాష్ట్రాలవాళ్లు మణిపూర్‌లో అడుగుపెట్టాలంటే 2020 నుంచే అనుమతి పత్రం కావాలి. 2023 మే నుంచి అక్కడి ఘర్షణల్లో మోరేలో ఇళ్లు కాలిపోయాయి. ఆ పదహారు కిలోమీటర్లని 2024లో పదికి కుదించారు. ఆ ఏడు ఫిబ్రవరిలో రఖైన్ రాష్ట్రానికి పోవద్దని, ఉన్నవాళ్లు వెంటనే వచ్చేయమని మన విదేశాంగ శాఖ ప్రకటించింది.

రఖైన్ వేరు, రంగూన్ వేరు, విమానంలో పోవడానికేం అంటాడు మా తమ్ముడు. వాడి మాటలో నిజముంది. కానీ అక్కడ పడుచువాళ్లని పట్టుకుని సైన్యంలో చేర్చుతుంటే, నేను తాతగారి కొట్టు ఏ వీధిలో ఉండేదని ఎవర్ని అడగను?

పోయిన నెల పాస్‌పోర్టు మాత్రం మార్పించుకున్నాను. ఆ మూడు నోట్లూ భాగవతంలో మడత పడకుండానే ఉన్నాయి.