పెద్దత్త, కత్తిపీట, గ్రహణం

తాతగారు రాసిన వంశవృక్షంలో మా పెద్దత్త పేరు కింద గీత ఉండదు. పక్కన చిన్న అక్షరాలతో "గ్రహణదోషం" అని ఉంటుంది. ఆ పేజీ ఇక్కడ పెట్టేముందు ఆ మాట ఉంచాలా, కొట్టేయాలా అని ఇంట్లో అందరం తర్జనభర్జన పడ్డాం.

పెద్దత్త 1924లో తొండియార్‌పేట ఇంట్లోనే పుట్టింది. పెళ్లయింది. సమర్తాడితేగానీ కాపురానికి పంపరు కదా, ఆ సమర్త రానేలేదు. నాలుగేళ్లు చూసి అత్తవారు వేరే సంబంధం చేసుకున్నారు. కడుపుతో ఉన్న ఆరో నెలలో, గ్రహణంవేళ నాయనమ్మ కత్తిపీట ముందు కూర్చుందని, అందుకే ఇలా అయిందని పెద్దలు తేల్చారు. నాయనమ్మ ఎదురు చెప్పలేదు, నమ్మింది కూడా. రాయపురం ప్రసూతి ఆస్పత్రి నడిచి వెళ్లేంత దూరం. 1844లో మొదలైన ఎగ్మూరు ఆస్పత్రీ ఉంది. పురుడు లేని పిల్లకు ప్రసూతి ఆస్పత్రి ఎందుకన్నారు.

1988లో నడుంనొప్పికి స్కానింగ్ తీయిస్తే ఎడమ కిడ్నీ లేదని తెలిసింది. డాక్టరమ్మ వెంటనే "మీకు నెలసరి వచ్చేదా?" అని అడిగింది. మేం బిత్తరపోయాం. కిడ్నీకీ దానికీ సంబంధమేమిటి?

ఆవిడ చీటీ వెనక రెండు గొట్టాలు గీసింది. ఆరు వారాల పిండంలో, ఆడైనా మగైనా, రెండు జతల నాళాలుంటాయట. ఒక జతకు వూల్ఫ్ పేరు, రెండోదానికి 1830లో వర్ణించిన జర్మన్ శాస్త్రవేత్త ముల్లర్ పేరు. మగపిల్లాడిలో ముల్లర్ నాళాలు కరిగిపోతాయి. ఆడపిల్లలో అవి నడిమికి వచ్చి అతుక్కుంటాయి. అతుక్కున్న భాగం గర్భసంచి, పైన విడిగా మిగిలిన కొసలు అండవాహికలు. సరిగ్గా అతకకపోతే గర్భసంచికి రెండు కొమ్ములు, మధ్య గోడ కరగకపోతే రెండు గదులు, ఒక నాళమే పెరిగితే సగం సంచి. రెండూ ఎదగకపోతే అసలు లేనట్టే. పెద్దత్తది అదే. అండాశయాలు వేరేచోట పుడతాయి గనుక అవి బాగానే ఉంటాయి, ఒంటి ఎదుగుదలా మామూలుగానే ఉంటుంది. అందుకే పైకి ఎవరికీ ఏమీ తెలియలేదు. ఇక కిడ్నీ మొలిచేది వూల్ఫ్ నాళం నుంచి. ముల్లర్ నాళం దాన్ని ఆనుకునే దిగుతుంది. అందుకే ఒకచోట లోపముంటే రెండోచోటా వెతుకుతారు.

సుమారు 5 వేల మంది ఆడపిల్లల్లో ఒకరికి ఇలా ఉంటుంది. మేయర్ అనే ఆయన దీన్ని 1829లోనే రాశాడు, అంటే పెద్దత్త పుట్టడానికి 95 ఏళ్ల ముందే! ఈ సంగతి మాకు తర్వాతెప్పుడో తెలిసి కడుపు మండిపోయింది.

డాక్టరమ్మ చెప్పిందంతా అరవంలోనే. అరవై నాలుగేళ్లు తొండియార్‌పేటలో ఉన్న మనిషికి మా అనువాదం అక్కర్లేకపోయింది. అంతా విని, "ఆరో నెలలో ఏదైనా జరిగితే ఇలా అవుతుందా?" అని ఒక్కటే అడిగింది.

"ఆరో నెలా? ఆ నాళాల పని మూడు నెలల్లోనే అయిపోతుందమ్మా. మొదలయ్యేటప్పటికి మీ అమ్మకు మీరు కడుపున పడ్డారని కూడా సరిగ్గా తెలిసి ఉండదు."

ఆటోలో ఇంటికి వచ్చేదాకా పెద్దత్త మాట్లాడలేదు. గుమ్మం దగ్గర ఆగి, "ఇది అమ్మ వినుంటే బాగుండేది" అంది. నాయనమ్మ పోయి అప్పటికి పదకొండేళ్లు.

తాతగారి రాత కదా అని ఆ మాట కొట్టేయలేదు. కింద డాక్టరమ్మ చెప్పింది రాశాం.