అడిగి పంచుకుంటే ఎంత బాగుంటుంది

ఇంటి రౌటర్‌లో మనం వాడకుండా మిగిలిపోయే ఇంటర్నెట్‌ని దారినపోయేవాళ్లకి ఇవ్వడం నాకు చాలా నచ్చిన ఆలోచన. ఎండాకాలం ఇంటిముందు చలివేంద్రం పెట్టినట్టే కదా! స్పెయిన్‌లో పుట్టిన ఫాన్ కంపెనీ, బ్రిటన్‌లోని టెలికాం కంపెనీ బీటీ కలిసి 2007లో చేసింది అదే. నీ వైఫైలో కొంత పంచుకో, మిగతా సభ్యుల వైఫై నువ్వూ వాడుకో. చేరడం, చేరకపోవడం ఇంటివాళ్ల ఇష్టం.

అమెరికాలో కామ్‌కాస్ట్ అనే ఇంటర్నెట్ కంపెనీ 2013లో మొదలుపెట్టిన పద్ధతి మాత్రం నాకు మింగుడుపడదు. కస్టమర్లకి అద్దెకిచ్చిన రౌటర్లలోనే బయటివాళ్ల కోసం రెండో సిగ్నల్ (హాట్‌స్పాట్) ఆన్ చేసేసింది. వద్దనుకుంటే మనమే వెళ్లి ఆపుకోవాలి. ఆ సిగ్నల్ వేరుగా ఉంటుంది, బయటివాళ్ల డేటా మన లెక్కలో పడదు, నిజమే. కానీ ఇల్లు మనది, కరెంటు బిల్లు మనది. 2014 డిసెంబరులో కాలిఫోర్నియాలో ఇద్దరు కోర్టుకెక్కింది ఇందుకే. ముందే అడిగి ఉంటే చాలామంది సంతోషంగా సరే అనేవాళ్లని నా నమ్మకం.

అమెరికాలో ఉన్న మనవాళ్లూ, మీ ఇంట్లో ఉన్నది కామ్‌కాస్ట్ రౌటరే అయితే ఒకసారి అకౌంట్‌లోకి వెళ్లి హాట్‌స్పాట్ సెట్టింగ్ చూడండి. ఉంచాలో తీసేయాలో మీరే తేల్చుకోండి.