143 రూపాయల హక్కు

జీడిమెట్లలోని ఒక మందుల పరిశ్రమలో మా వారి ఉద్యోగం పోయిన నెలలోనే మా ఇంట్లో నిరుద్యోగ భృతి ప్రస్తావన తొలిసారి వచ్చింది. ఆయన ముఖం చిన్నబోయింది. “అల్లాహ్ దయవల్ల ఇన్నాళ్ళూ ఎవరి ముందూ చేయి చాపలేదు. ఇప్పుడు సర్కారు ముందు చాపమంటావా?” అన్నారు.

ఆత్మాభిమానం గల మన కుటుంబాలలో ఈ మాట కొత్తది కాదు. లేమిని పైకి కనబడనీయక, ఎవరినీ పట్టి పీడించి అడగక మసలుకొనే పేదలను దివ్య ఖుర్‌ఆన్ అల్‌బఖరా సూరాలో ప్రశంసించింది. అలాగని అడగడాన్ని ఇస్లాం పూర్తిగా మూసివేయలేదు. పరుల పూచీ నెత్తిన వేసుకొన్నవాడు, ఆపదలో ఆస్తి నశించినవాడు, దారిద్ర్యంలో పడ్డాడని తనవారిలో ముగ్గురు వివేకవంతులు చెప్పగలిగినవాడు అడగవచ్చునని హజ్రత్ ఖబీసా (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. ఆ అనుమతి దానం విషయంలో. మా ముందున్నది దానమే కాదు.

పాత పే స్లిప్పులు తీసి ఆయన ముందు పెట్టాను. 19,000 రూపాయల జీతంలో ఇ.ఎస్.ఐ. పేరిట నెలనెలా 143 రూపాయల కోత. అది జీతంలో 0.75 శాతం, యజమాని వంతు 3.25 శాతం. ఈ కోత డిస్పెన్సరీ మందుల కోసమేనని మన వాడల్లో చాలామంది అనుకొంటారు. 2018 జూలై 1 నుంచి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కూడా ఇందులో భాగమైంది. సగటు రోజు సంపాదనలో మొదట 25 శాతం ఇచ్చేవారు, 2020లో 50 శాతం చేశారు. జీవితం మొత్తం మీద 90 రోజులకు మించదు. రెండేళ్ళ ఉద్యోగం ఉండాలి. ఉద్యోగం పోవడానికి ముందున్న ఆరు నెలల చందా కాలంలో 78 రోజులు, అంతకు ముందరి మూడు చందా కాలాలలో ఏదో ఒకదానిలో మరో 78 రోజులు చందా పడి ఉండాలి. పని పోయిన 30 రోజుల తర్వాత దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ సొమ్ము అందే కాలంలో కుటుంబానికి వైద్యం కూడా ఆగదు. మధుమేహంతో ఉన్న మా అత్తమ్మకు అదే పెద్ద ఊరట. (గడువును ప్రభుత్వం ఎప్పటికప్పుడు పొడిగిస్తూ వస్తోంది కనుక ముందుగా బ్రాంచి కార్యాలయంలో విచారించుకోవాలి. బీమా అన్న పదం చూసి ధర్మసందేహం కలిగినవారు ఉలమాను అడగడం మేలు. ఇది చట్టం కింద నడిచేదే గాని, లాభం కోసం అమ్మే పాలసీ కాదన్న సంగతి కూడా వారికి చెప్పండి.)

ఒక చిక్కు గురించి కాస్త వివరంగా చెప్పాలి. మనుషులను తగ్గించుకొనే యాజమాన్యాలు తరచు “స్వచ్ఛందంగా వైదొలగుతున్నాను” అని రాసిమ్మంటాయి. మా వారినీ అలాగే అడిగారు. దుష్ప్రవర్తనకు శిక్షగా తొలగించినా, పదవీ విరమణ చేసినా, స్వచ్ఛంద విరమణ తీసుకొన్నా ఈ భృతి రాదు. ఆయన ఆ కాగితం మీద సంతకం చేయలేదు. “మీరే తొలగించినట్టు రాసివ్వండి” అని నాలుగు రోజులు తిరిగారు. అయిదో రోజు ఉత్తరం చేతికి వచ్చింది. చేయి చాపనన్న మనిషి అడగడంలో ఇంత పట్టుదల చూపడం నాకు ముచ్చటగా అనిపించింది.

ఆధార్, బ్యాంకు ఖాతా వివరాలు, ఇ.ఎస్.ఐ. నంబరుతో దరఖాస్తు నింపాం. ఖాతా పుస్తకంలోనూ ఆధార్‌లోనూ పేరు ఒకే విధంగా ఉండాలి. మన పేర్లలో షేక్, మొహమ్మద్ ఒకచోట పూర్తిగా, మరోచోట పొడి అక్షరాలుగా ఉంటాయి. ఉద్యోగం ఉన్నప్పుడే సరిచేయించుకోండి.

65వ రోజున ఆయనకు కూకట్‌పల్లిలో ఒక గిడ్డంగిలో పని దొరికింది, అల్హమ్దులిల్లాహ్. ఫారాలు నింపిపెట్టే ఒకాయన, “చేరినట్టు ఎవరికి తెలుస్తుంది భాయ్? 90 రోజులూ వేసేద్దాం” అన్నాడు. ఆ ఫారం కింద పని లేదని ధ్రువీకరిస్తూ సంతకం చేయాలి. మన ధర్మంలో అది సాక్ష్యం. పైగా ఆ నిధిలో ఉన్నవి ఆయనలాంటివారి 143 రూపాయలే. మా వారు ఫారం వెనక్కి తీసుకొని 64 అని తన చేత్తోనే రాశారు.

సుమారు ఇరవై వేలు ఖాతాలో పడ్డాయి. కిరాణా బాకీ తీరింది, పిల్లల ఫీజు ఒక విడత కట్టాం. ఆ వారమే, తనతోపాటు పని పోయిన మరో ఇద్దరిని మా వారు పే స్లిప్పులు పట్టుకొని ఇంటికి రమ్మన్నారు.